తిట్ల గడి

హెబ్రోను గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ముందు మేడ మీద ముగ్గుపిండితో గళ్ళు గీయాలి. ఆ గళ్ళలో మనుషుల్ని నిలబెట్టాలి. వాళ్ళ చేతికి నిమ్మకాయ ఇచ్చి ఒక గడి నుంచి ఇంకో గడికి నడిపించాలి. ఆ కాయ ఎక్కడా ఆగకుండా, ఎవరి చేతిలోంచీ జారకుండా చివరిదాకా చేరితేనే కింద ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోనిచ్చేవారు. అంతవరకు ఒక్క అక్షరం కొట్టడానికి వీల్లేదు.

ఇదంతా విని ఆయన్ని మంత్రగాడు అనుకునేరు. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అల్లూరు బజారులో రొయ్యల మేత దుకాణం పైన పెంచలప్రసాద్ అనే ఆయన ఒక చిన్న కంపెనీ పెట్టుకుని చుట్టుపక్కల మిల్లులకు, దుకాణాలకు ప్రోగ్రాములు రాయించి ఇస్తుండేవాడు. అందులో వయసులోనూ అనుభవంలోనూ హెబ్రోను గారే పెద్ద. మంత్రగాడు అనుకున్నవాళ్ళు కూడా లేకపోలేదు, వాళ్ళ సంగతి ముందుంది.

కోవూరు నుంచి ప్రత్యూష ఆ ఆఫీసులో చేరడానికి వచ్చిన రోజున లోపల కుర్చీలన్నీ ఖాళీ. ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. మేడ మెట్ల దగ్గర రాజ్ కుమార్ ఎదురయ్యాడు. అతనూ అక్కడ ఇంజనీరే.

"అందరూ పైనుండారండీ. చెప్పులు ఇక్కడే విప్పండి. ముగ్గు చెరిగిందంటే ఆయన ఊరుకోడు."

"ముగ్గా? ఇయ్యాళ పండగేమన్నా ఉందా?"

"పండగ కాదు. డిజైన్ రివ్యూ. రైసుమిల్లుకు నేను గీసింది."

పైన ఎండ మాడిపోతోంది. నెత్తిన తడితువ్వాలు, చేతిలో ముగ్గుడబ్బా, మడత నలగని తెల్లచొక్కాతో హెబ్రోను గారు నిలబడి ఉన్నారు. కొత్తమనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, చేతిలో నిమ్మకాయ పెట్టారు.

"ఈ పూటకు నువ్వు రైసుమిల్లు గుమస్తావి తల్లీ. ఆ గడిలో నిలబడు. కాయ వస్తే పక్కనాయనకు ఇయ్యి. రాకపోతే ఊరికే ఉండు."

"సార్, నేను ప్రత్యూషనండీ, కొత్తగా..."

"తెలుసులే. గుమస్తా మాట్లాడకూడదు."

అలా ఉద్యోగంలో చేరిన మొదటి పూటంతా ప్రత్యూష నిమ్మకాయలు అందిస్తూ గడిపింది. సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ, బెంగుళూరు వదిలేసి తాను పొరపాటేమన్నా చేసిందా అని గట్టిగానే ఆలోచించింది.

బెంగుళూరు గాలి పడలేదని ఇంట్లో చెప్పింది. పడనిది గాలి కాదు. అక్కడ తను గీసిన డిజైనులో ఒక తప్పు దొర్లింది. అది ప్రోగ్రాములోకి, ప్రోగ్రాములోంచి జనంలోకి పోయాక బయటపడింది. పెద్ద మీటింగులో, గోడంత తెర మీద, తప్పు పక్కనే ఆమె పేరు వేసి చూపించారు. ఆ తర్వాత ఆమె ఆ ఆఫీసుకు పోలేకపోయింది. ఇక్కడ కూడా అలాంటి రోజు వస్తే ఈ వృత్తికే దండం పెట్టి ఇంట్లో కూర్చోవాలని మనసులో నిశ్చయించుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"కంప్యూటరులో బొమ్మ గీసినాం గదా సార్, గళ్ళూ బాణాలూ అన్నీ అందులోనే ఉన్నాయి. మళ్ళీ ఈ ఎండలో ఎందుకు?" అని ఒకసారి అడిగింది.

"బొమ్మలో బాణం గుర్తు అలిసిపోదు తల్లీ. మనిషి అలిసిపోతాడు. అందుకే మనిషిని నడిపించేది."

ఆ మాటలో నిజం ఉందని తొందరలోనే తెలిసింది. ఒక్కో గడి ప్రోగ్రాములో ఒక్కో భాగం, నిమ్మకాయ వాటి మధ్య నడిచే కబురు. ఒక గడిలో మనిషి ఒళ్ళో నిమ్మకాయలు కుప్పపడి జారిపోతున్నాయంటే, రేపు ప్రోగ్రాములో ఆ భాగం బరువు మోయలేక కూలబడుతుందన్నమాట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి 'నువ్వు ముందియ్యి' అంటే 'కాదు నువ్వే ఇయ్యి' అనుకుంటున్నారంటే, రేపు అదీ అక్కడే బిగుసుకుపోతుంది. రాసేశాక పట్టుకుంటే నెలలు పట్టే తప్పు, మేడ మీద కాలితో తుడిస్తే పోయేది.

గళ్ళన్నీ గీశాక చివర్లో మూలన ఆయన ఇంకో చిన్న గడి గీసేవారు. దాని పేరు తిట్ల గడి. కాయ ఎక్కడైనా ఆగిపోతే నడక ఆపి, తాను పోయి ఆ గడిలో నిలబడి, అందరినీ కలయజూసి అడిగేవారు.

"ఇప్పుడు తిట్లు ఎవురికి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పందే ఎవర్నీ కదలనిచ్చేవారు కాదు. మిల్లులో బస్తాల లెక్క తప్పితే తిట్లు గుమస్తాకి. బిల్లు తప్పితే కౌంటరులో పిల్లకి. తప్పు చేసేది ఎవరో ఏసీ గదిలో కూర్చున్నవాడు, తిట్లు తినేది ఎదుట నిలబడ్డవాడు. "వాళ్ళ ముఖం చూసుకుని గీయండి" అనేవారు. నడక ముగిశాక ఆ నిమ్మకాయలన్నీ పిండి, ఉప్పేసి అందరికీ గ్లాసుల్లో పోసేవారు. కాయలు వాళ్ళ పెరటివి, భార్య ఎలిశబెతు గారు సంచిలో వేసి పంపేవారు. నడిచిన కాయకు రసం ఎక్కువని ఆయన వాదన. దీన్ని ఎవరూ ఖండించలేకపోయారు.

ఇక మంత్రగాడి సంగతి. ఎదురు మేడ మీద వడియాలు పెట్టుకునే పేరమ్మకు ఈ వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు.

"ఏమయ్యా హెబ్రోనూ! మిట్టమధ్యాన్నం ముగ్గేంది? నిమ్మకాయలేంది? ఎవురి మీద చేయిస్తుండావు?"

"ఈసారి రైసుమిల్లు మీద పేరమ్మా," అని ఆయన పనిలో మునిగి ఉన్నమాట ఉన్నట్టు చెప్పేశారు.

పొద్దుగూకేసరికి అల్లూరంతా పాకిపోయింది. మిల్లు యజమాని తాయెత్తు కట్టుకుని తిరిగాడు. మరునాడు సంగతి చర్చి దాకా పోయి, పాస్టరు గారు స్వయంగా బైబిలు చంకన పెట్టుకుని, ముఖం గంభీరంగా పెట్టి మేడెక్కారు.

"హెబ్రోనూ, నేను విన్నది నిజమా?"

"సమయానికి వచ్చినారయ్యా! ఒక మనిషి తక్కువైనాడు. ఆ గడిలో రొంతసేపు నిలబడతారా?"

పాస్టరు గారు భోజనం వేళ దాకా తూకంమిషనుగా నిలబడ్డారు. దిగిపోయేటప్పుడు రసం తాగి, మెల్లగా పక్కకు పిలిచి, "క్రిస్మసు నాటకంలో జ్ఞానులు, గొర్రెల కాపరులు ప్రతి యేడూ గుద్దుకుంటుండారు. వాళ్ళను కూడా ఒకసారి ఇట్టా నడిపిస్తావా?" అని అడిగి పోయారు. పేరమ్మ మాత్రం తగ్గలేదు. చుక్కలు పెట్టకుండా వేసేది ముగ్గే కాదని ఆమె చివరిదాకా అంటూనే ఉండింది.

కూతురు అబిగయీలు పెళ్ళికీ ఇదే వరస. ముందురోజు పెరట్లో గళ్ళు గీసి, వచ్చిన చుట్టాలందరి చేత నిమ్మకాయలు మోయించారు. పెళ్ళికొడుకు కూడా ఒక కాయ పట్టుకుని పెరుగు గడిలో బుద్ధిగా నిలబడ్డాడు. చేతులు కడుక్కునే వాళ్ళు, సాంబారు బకెట్లు తెచ్చే వాళ్ళు ఒకచోట ఢీకొంటారని అక్కడ తేలింది. ఒక బల్ల పక్కకు జరిపించారు. మరునాడు ఒక్క చీర మీద కూడా చుక్క సాంబారు పడలేదు. కానీ పడని సాంబారు ఎవరికి గుర్తుంటుంది? చుట్టాలంతా ఇప్పటికీ చెప్పుకునేది పెళ్ళికొడుకు చేతిలో నిమ్మకాయ గురించే.

ప్రత్యూష చేరిన ఏడాదే పద్మనాభయ్య గారి పని వచ్చింది. సముద్రం వైపున్న రొయ్యల గుంటల రైతులకు ఆయన పెద్ద. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు చచ్చి తేలిపోతాయి, ఒక్క పూటలో పంటంతా పోతుంది. నీళ్ళలో మీటరు పెట్టాలి. ఆక్సిజన్ తగ్గితే నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు వాటంతటవే తిరగాలి. కరెంటు పోతే కాపలా ఉండే చిన్నపోలయ్యకు ఫోను మోగాలి, అతను లేచి జనరేటరు వేస్తాడు. అదీ పని.

పెంచలప్రసాద్ ప్రత్యూషను గదిలోకి పిలిచాడు.

"గుంటల్లో రొయ్యపిల్లల సీడు వదిలే లోపల మనం ఇయ్యాల. లేకపోతే పని చెన్నై వాళ్ళకు పోతుంది. డిజైను నీ మీద పెడతా ఉండా. బాగా వచ్చిందా, నీ ఉద్యోగం ఖాయం. రాలేదా..." అని ఫోను మోగితే ఎత్తుకున్నాడు. రాకపోతే ఏమవుతుందో ప్రత్యూషకు వేరే చెప్పక్కర్లేదు.

తిండి సరిగా తినకుండా బొమ్మ గీసింది. ముచ్చటగా వచ్చింది. వెంటనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాలని చేతులు తహతహలాడాయి.

"సార్, ఈ ఒక్కసారికి ముగ్గు వద్దు సార్. టైము లేదు."

"టైము లేదు గనకే ముగ్గు తల్లీ. ఉంటే రాసి, చెరిపి, మళ్ళీ రాసుకుందుము."

ప్రత్యూష పళ్ళు కొరుక్కుంటూ మేడెక్కింది. రాజ్ కుమార్ నీళ్ళలో మీటరు. ప్రత్యూష గుంట పక్క షెడ్డులో ఉండే ఇంటర్నెట్ డబ్బా. ఇంకో ఇంజనీరు వెన్నెల ఆఫీసులోని పెద్ద కంప్యూటరు. కింద దుకాణంలో మేత బస్తాలకని వచ్చిన అసలు చిన్నపోలయ్యనే హెబ్రోను గారు చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చి, అతని గడిలో అతన్నే కూర్చోబెట్టారు. రాత్రంతా కాపలా కాసిన మనిషి, గోడనీడ తగిలేసరికి కునుకు తీశాడు.

మొదటి నడక బ్రహ్మాండంగా సాగింది. ఆక్సిజన్ తగ్గిందన్న కాయ రాజ్ కుమార్ నుంచి ప్రత్యూషకు, ప్రత్యూష నుంచి వెన్నెలకు పోయింది. ఏరియేటర్లు తిరిగాయి. ప్రత్యూష ముఖం వెలిగింది.

"బో బాగుండాది," అన్నారు హెబ్రోను గారు. "ఇప్పుడు కరెంటు పోయింది. కరెంటుతో బతికేవాళ్ళందరూ కింద కూర్చోండి."

"నాకు బ్యాటరీ ఉండాది," అని రాజ్ కుమార్ నిలబడే ఉన్నాడు. ప్రత్యూష కూడా నిలబడే ఉంది. హెబ్రోను గారు ఆమె వైపు చూడకుండా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. తాను ఏమిటో ప్రత్యూషకు అప్పుడు గుర్తొచ్చింది. షెడ్డులో, ప్లగ్గుకు తగిలించిన ఇంటర్నెట్ డబ్బా. మెల్లగా కింద కూలబడింది.

కరెంటు పోయిందన్న కాయ రాజ్ కుమార్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లేవలేదు. లేవకూడదు. కాయ అక్కడే ఆగిపోయింది. కరెంటు పోయిందని చెప్పడానికే కరెంటు కావాలి! ఎవరైనా గీస్తారా ఇలాంటి బొమ్మ? ఆమే గీసింది.

హెబ్రోను గారు నడిచిపోయి మూలగడిలో నిలబడ్డారు. "ఇప్పుడు తిట్లు ఎవురికి?"

అందరూ చిన్నపోలయ్య వైపు చూశారు. ఫోను మోగుతుందిలే అన్న ధీమాతో మోకాళ్ళ మీద తల పెట్టుకుని అతను హాయిగా నిద్రపోతున్నాడు. రేపు గుంట తేలిపోతే పద్మనాభయ్య గారు గల్లా పట్టుకునేది ఇతన్ని. ప్రత్యూషకు తెర మీద తన పేరు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో కాయను చూస్తూ అలాగే కూర్చుంది. ఆ కాయ కోసం అవతల వెన్నెల ఇంకా చెయ్యి చాపుకునే ఉంది.

"వెన్నెలక్కా, నీకు కాయ రాలేదు గదా?"

"రాలా. చెయ్యి నొప్పి పుడతా ఉండాది."

"రాలేదంటే ఏదో జరిగినట్టే గదా! నేను ఊరికే ఉన్నా కూడా నిమిషానికో కాయ నీకు పంపిస్తుండాలి. కాయ రావడం ఆగిపోయిందంటే, నువ్వు ఎవర్నీ అడగబాకు. నీకు జనరేటరుంది. నేరుగా చిన్నపోలయ్యకు ఫోను కొట్టెయ్యి!"

హెబ్రోను గారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "నువ్వే పట్టినావు, నువ్వే కట్టినావు. ఇంక నాతో పనేముండాది?" అని కాయలు ఏరుకున్నారు. బొమ్మ చూసిన మొదటి రోజునే ఆ తప్పు ఆయన కంట పడి ఉంటుందని ప్రత్యూషకు అనుమానం వచ్చింది. అడిగితే రసంలో ఉప్పు సరిపోయిందా అన్నారు.

బొమ్మ మార్చాలంటే ఇంకో రెండు వారాలు కావాలి. ఆ మాట పెంచలప్రసాద్‌కు ఎవరు చెప్పాలి? ప్రత్యూష తలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది. హెబ్రోను గారు "నువ్వు ఇక్కడుండు" అని తానే లోపలికి పోయారు. తలుపు అవతలనుంచి కేకలు వినిపించాయి.

"ముగ్గుపిండి తడిసిందని రెండు వారాలా! నీకేమన్నా మతి ఉండాదా హెబ్రోనన్నా? నీ ముగ్గులకు నా కంపెనీ మూసుకోమంటావా?"

పెంచలప్రసాద్ మనిషి మంచివాడే, కోపం వస్తే మాత్రం ఊరు దద్దరిల్లుతుంది. చాలాసేపటికి హెబ్రోను గారు చొక్కా సర్దుకుంటూ బయటికి వచ్చారు.

"ఇచ్చినాడు. పో, పని చూసుకో."

"సార్, తప్పు నాదని..."

"ఏ తప్పు? కాలితో తుడిచేసినాం గదా."

సీడు వదిలే ముందురోజుకు పని పూర్తయింది. ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివాన లేచి ఆ తీరమంతా కరెంటు పోయింది. చిన్నపోలయ్య ఫోను మోగింది. జనరేటరు లేచింది. మరునాడు అతను బకెట్టుతో రొయ్యలు తెచ్చి ఆఫీసులో పెట్టిపోయాడు. ప్రత్యూష ఉద్యోగం ఖాయమైంది. ఒక్క తనకోసం ఆ పెద్దమనిషి ఇంతమాట పడ్డాడని ఆమె ఎవరికీ చెప్పకుండా గుండెల్లో దాచుకుంది.

హెబ్రోను గారు రిటైరై మైపాడులో సముద్రానికి దగ్గరగా ఇల్లు తీసుకున్నారు. పోయేముందు ఆఫీసువాళ్ళు మేడ మీదే షామియానా వేసి, బిర్యానీ పెట్టి వీడ్కోలు చెప్పారు. పెంచలప్రసాద్ మైకు పట్టుకున్నాడు.

"హెబ్రోనన్న బంగారంలాంటి మనిషి. కానీ ఆ ముగ్గు పిచ్చి ఉండాదే! రైసుమిల్లు పని నెల ఆలస్యం. ఎందుకని అడిగితే గళ్ళు వంకరగా వచ్చినాయి, మళ్ళీ గీస్తానన్నాడు!"

అందరూ పగలబడి నవ్వారు. రాజ్ కుమార్ ఒక్కడు నవ్వలేదు. నోటి దాకా పోయిన ముద్ద అక్కడే ఆగింది.

"ఆసుపత్రి టోకెన్ల పని ఆలస్యం. ఏందన్నా అంటే, నిమ్మకాయలు పచ్చిగా ఉండాయి, పండినాక నడిపిస్తానన్నాడు!"

ఈసారి ఆ డిజైను గీసిన వెన్నెలకు పొలమారింది.

"ఇంక పద్మనాభయ్య గారి గుంటల పనికైతే, ముగ్గుపిండి తడిసిందంట!"

ప్రత్యూష తల వంచుకుని రాజ్ కుమార్ వైపు చూసింది. అతను అప్పటికే ఆమెనే చూస్తున్నాడు.

"మీక్కూడానా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీకూనా?"

"నాకు రెండుసార్లు," అంది వెన్నెల.

మైకులో మాట సాగుతూనే ఉంది. "అసలు ఇది ఇప్పటిది కాదు. మేమిద్దరమే ఉన్న రోజుల్లో, ఈ కింద మేత దుకాణం లెక్కల పని. దుకాణమాయన నా మీదికి కొట్టను వస్తే, ఈయన అడ్డం పోయి, తప్పు నాది, నాకు ముగ్గు పిచ్చి, అందుకే..."

పెంచలప్రసాద్ ఆగిపోయాడు. ఆ లెక్కల డిజైను గీసింది హెబ్రోను గారు కాదు. మైకు చేతిలో పట్టుకుని, మంచినీళ్ళు అడిగి, తాగి, గబగబా కూర్చున్నాడు. హెబ్రోను గారు మాత్రం ఇవేవీ పట్టనట్టు కోడికాలు మీద ధ్యాస పెట్టి తింటున్నారు.

ప్రత్యూష పక్కన పోయి కూర్చుంది. "ఎందుకు సార్ ఇన్నేళ్ళూ?"

"పిచ్చోడన్న పేరుంటే బో సుఖం తల్లీ. ఏదైనా తీసుకొచ్చి దాని నెత్తిన వేసేయొచ్చు. తిట్లు నాకు పాతవి, తువ్వాలు కింద ఆరిపోతాయి. మీకు కొత్త. కొత్త తిట్టు పడితే పిలకాయలు పనికే భయపడతారు." ఆ ఆఖరు మాట అన్నప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు. బెంగుళూరు సంగతి ఆయనకు ఎవరు చెప్పారో ప్రత్యూషకు ఇప్పటికీ తెలియదు.

ఆయన వెళ్ళిన తర్వాత వచ్చిన కొత్త పనికి డిజైను వెన్నెలది. ప్రత్యూష తలకు తువ్వాలు చుట్టుకుని ముగ్గుడబ్బా పట్టింది. ఎలిశబెతు గారు మైపాడు నుంచి బస్సులో కాయల సంచి పంపారు. ప్రత్యూష అలవాటు కొద్దీ మూలన చిన్నగడి కూడా గీసింది. సగం నడకలో కాయ ఆగిపోయింది. వెన్నెల ముఖం పాలిపోయింది.

ఆ మూలగడి ఖాళీగా ఉంది. ప్రత్యూష అందులోకి అడుగుపెట్టింది. అటునుంచి రాజ్ కుమార్ కూడా పెట్టాడు. "నాది నేను పడతాలే" అని వెన్నెల దూరింది. ఏదో సంతకానికని పైకొచ్చిన పెంచలప్రసాద్ ఒక క్షణం చూసి, బూట్లు విప్పి, తానూ వచ్చి ఇరుక్కున్నాడు. ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. ముగ్గంతా చెరిగిపోయింది.

"ఇంకొంచెం పెద్దదిగా గీసుకోరాదా మే!" అని ఎదురు మేడ మీదనుంచి పేరమ్మ అరిచింది. "చుక్కలన్నా పెట్టండి!"

రాజ్ కుమార్ ఫోను తీసి మైపాడుకు వీడియో కాల్ చేసి ఇదంతా చూపించాడు. తెర మీద హెబ్రోను గారి ముఖం, వెనకాల సముద్రపు గాలికి ఎగురుతున్న తువ్వాలు. తువ్వాలు అందుకుని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని గట్టిగా కసిరారు.

"అందరూ పోయి తిట్ల గడిలో నిలబడితే, కాయ ఎవురు మోస్తార్రా?"